కిరీటం వెనక తొమ్మిది ఆకులు

నిన్న ఉదయం మా ఆవిడ వంటింటి బల్ల మీద పాత తువ్వాలు పరిచి కుందులు, గంధం గిన్నె, పన్నీరుబుడ్డి, అక్షింతల పళ్ళెం వరసగా పేర్చింది. శ్రావణ శుక్రవారం వస్తోందంటే మా ఇంట్లో వెండి సామాను అలమరలోంచి దిగుతుంది. అన్నిటికన్నా చివర ఒక చిన్న గుండ్రటి పెట్టె కూడా దిగింది. మా ఆవిడ దాన్ని తెరిచి, లోపల ఉన్నది ఉన్నట్టే ఉందని చూసుకుని, మూసి, తీసుకెళ్ళి ఫ్రిజ్ మీద పెట్టేసింది. “అన్నీ తోమండి. దాని జోలికి మాత్రం వెళ్ళకండి,” అంది. నాలుగేళ్ళుగా ఏటా ఇదే మాట, ఇదే గొంతు. నేను కూడా ఏటా చేసినట్టే తలవంచుకుని విభూతి పొట్లం విప్పాను.

వెండి తోమడం నాకు చిన్నప్పుడే అబ్బిన విద్య. మా అమ్మకి ఆడపిల్లలు లేరు. నలుగురు మగపిల్లల్లో పిలిస్తే పలికేవాణ్ణి నేనొక్కణ్ణే కావడంతో పండగ పూట పెరట్లో పీట వేసి నన్ను కూర్చోబెట్టేది. ఇత్తడికి చింతపండు, వెండికి విభూతి అన్న రెండు ముక్కలూ ఓనమాలతోపాటే నేర్చుకున్నాను. సందుల్లో ఉన్న నలుపుని వేపపుల్ల నమిలి కుంచెలా చేసి రాబట్టాలన్నది మాత్రం నా సొంత పరిశోధన. తర్వాత ఇంజనీరింగు చదివి, కెనడా వచ్చి, ఈ వాటర్లూలో మంచినీటి పైపుల మధ్య ముప్పై ఏళ్ళు ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ఆ ఉద్యోగంలో ఎవరూ నన్ను ప్రత్యేకంగా మెచ్చుకున్న గుర్తు లేదు. మా అమ్మ మాత్రం నేను తోమిన చెంబులో తన మొహం చూసుకుని బొట్టు దిద్దుకునేది. అంతకన్నా పెద్ద సర్టిఫికెట్ నాకు ఈ దేశంలో ఎవరూ ఇవ్వలేదు. ఆ గర్వమే నాలుగేళ్ళ క్రితం నా కొంప ముంచబోయింది.

ఆ కథ మా పక్కింటావిడది. ఆవిడది లాట్వియా. మ్యాపులో వేలు పెడితే వేలి కింద మాయమైపోయేంత దేశం. మేం ఈ ఇల్లు కొనుక్కున్న మొదటి చలికాలం, నేను మా డ్రైవ్‌వే మీద మంచు తీసి ఆవిడ గడ్డి మీద పోస్తున్నానని దెబ్బలాడ్డానికి వచ్చింది. బూట్లతో గుమ్మంలో నిలబడి మొదటి వాక్యం సగం అన్నాక ఆవిడ చూపు గోడ మీద మా పెళ్ళి ఫొటోకి తగులుకుంది. అది మనవాళ్ళందరి ఇళ్ళల్లోనూ ఉండే రకం ఫొటోనే. పెళ్ళికూతురు కెమెరాకి వీపు పెట్టి కూర్చుంటుంది. ఎదురుగా నిలువుటద్దంలో మొహం కనిపిస్తుంది. ఫొటో నిండా పూలజడ, మల్లెమొగ్గలు, కనకాంబరాలు, పైన నాగరం, కింద కుచ్చులు. ఇక్కడివాళ్ళు ఎవరొచ్చినా ఈ అమ్మాయి అలిగి అటు తిరిగి కూర్చుందా అన్నట్టు చూస్తారు. పక్కింటావిడ మాత్రం మంచు సంగతి మర్చిపోయి, కళ్ళజోడు సవరించుకుని, ఆ జడని పైనుంచి కిందదాకా చూసింది. “మీవాళ్ళకి బుద్ధి ఉంది. పెళ్ళికూతుర్ని వెనకనుంచి కూడా చూడాలని మీకు తెలుసు. మావాళ్ళకి ఎవరు చెప్తారు?” అంది. ఆ మాటలో అంత కోపం ఎందుకుందో నాకు అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది. స్నేహం మాత్రం ఆ రోజే మొదలైంది. మంచు తగాదా ఇప్పటికీ తెగలేదు.

ఆవిడ చెప్పగా తెలుసుకున్నదేమిటంటే, వాళ్ళ ఆడపిల్లలు పండగలకి తల మీద కిరీటం పెట్టుకుంటారు. ఎర్ర గుడ్డ మీద గాజుపూసలు, వెండితీగ కుట్టి చేసిన గుండ్రటి పట్టీ అది. ఒక్కో ఊరికి ఒక్కో రకం. పెళ్ళిరోజే ఆ కిరీటానికి ఆఖరి రోజు. పెళ్ళయ్యాక పెద్దవాళ్ళు దాన్ని తల మీదనుంచి తీసేసి, ఆ స్థానంలో తలగుడ్డ కడతారు. మనకి పెళ్ళంటే మెడలో ఒకటి పడటం, వాళ్ళకి తల మీదనుంచి ఒకటి దిగటం. పక్కింటావిడ అమ్మగారు తన కిరీటాన్ని కూతురి కోసం దాచింది. యుద్ధంలో ఊరు వదిలి పారిపోతూ కూడా బట్టల మధ్య చుట్టి తెచ్చుకుంది. జర్మనీలో ఒక శిబిరంలో ఉండగా చలికాలం వచ్చింది. ఏడేళ్ళ పిల్ల కాళ్ళకి గుడ్డపీలికలు తప్ప ఏమీ లేవు. తల్లి ఆ కిరీటాన్ని ఒక రైతు భార్యకి ఇచ్చేసి, పిల్లకి బూట్లు తెచ్చింది. “ఆర్నెల్లు తిరక్కుండానే ఆ బూట్లు నాకు చిన్నవైపోయాయి,” అని పక్కింటావిడ ఎప్పుడు చెప్పినా తన కాళ్ళ వైపు చూసుకునేది, ఎనభై దాటాక కూడా.

ఆ కిరీటం ఫొటో ఒక్కటి కూడా లేదు. కానీ ఆవిడకి అది పూసపూసా గుర్తు. అమ్మ ఒళ్ళో కూర్చుని ఆడుకునేటప్పుడు వెనకవైపు ముడి దగ్గర వేలాడే ఇత్తడి ఆకుల్ని వేలితో మీటేదట. చింతాకంత ఆకులు, తొమ్మిది. తల కదిపితే గలగలమనేవట. ఆవిడకి లెక్కపెట్టడం వచ్చింది ఆ ఆకులతోనే. తొమ్మిది దాకా వచ్చి ఆగిపోయేదాన్నని, పది నేర్చుకుంది శిబిరంలో అని చెప్పేది.

నాలుగేళ్ళ క్రితం ఆవిడ మనవరాలికి పెళ్ళి కుదిరింది. ఆ పిల్ల ఇక్కడే ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తుంది, చేసుకున్నది ఒక ఫ్రెంచి కుర్రాణ్ణి. అయినా పెళ్ళి లాట్వియా వాళ్ళ హాల్లో, అమ్మమ్మ ఊరి బట్టల్లో జరగాలని తనే పట్టుబట్టింది. పెద్దావిడ ఆ చలికాలమంతా కిటికీ దగ్గర కూర్చుని కిరీటం కుట్టింది. ఒక కంటిలో శుక్లం, చేతులు వణుకు. సూదిలో దారం ఎక్కించిపెట్టడానికి మా ఆవిడ రోజూ మధ్యాహ్నం వెళ్ళేది. ఫిబ్రవరి ఆఖరుకి అది తయారైంది. ముందు ఎర్రటి పట్టీ, వెనక ముడి, ముడి కింద తొమ్మిది ఆకులు. నా తల మీద పెట్టి చూసి, నాకు నప్పలేదని ఇద్దరూ నవ్వారు.

అసలు చిక్కు అప్పుడొచ్చింది. లంగా, శాలువా హాలు వాళ్ళ బీరువాలోవి అరువు తెచ్చుకోవాలి. అవి ఇచ్చేది దుస్తుల కమిటీ. ఏ ఊరి లంగాకి ఆ ఊరి కిరీటమే పెట్టుకోవాలన్నది వాళ్ళ నియమం. కమిటీ అధ్యక్షురాలు వచ్చి కిరీటాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తన దగ్గరున్న పాత బొమ్మల పుస్తకం తెరిచింది. పుస్తకంలో ఆ ఊరి పెళ్ళికూతురు ఉంది, ఎదురుగా నిలబడి. పట్టీ అచ్చం అదే. ఆకులు మాత్రం లేవు. ఎలా ఉంటాయి, వీపు చూపిస్తే కదా! “ఆకులు కల్పితం. తీసేస్తే పెట్టుకోవచ్చు,” అని తీర్పు చెప్పి వెళ్ళిపోయింది. ఆవిడ చెడ్డ మనిషని నేననను. అంత చిన్న జాతి, దేశం కాని దేశంలో, తన లంగా అంచు రంగు కూడా మర్చిపోకుండా బతకాలంటే అలాంటి మనిషి ఒకరు ఉండి తీరాలి. కానీ ఆ రోజు నాకు ఆవిడ మీద ఒళ్ళు మండింది. పక్కింటావిడ ఇలాగే నలభై ఏళ్ళుగా ఆ హాల్లో ఆకుల గురించి చెప్తోందట, వాళ్ళు ఇలాగే చిన్నపిల్ల జ్ఞాపకమని కొట్టిపారేస్తున్నారట. మా పెళ్ళి ఫొటో ముందు ఆవిడకి వచ్చిన కోపం అర్థం అప్పుడు తెలిసింది.

మనవరాలు మెత్తటి పిల్ల. గొడవ ఇష్టం లేదు. “గ్రానీ, వెనకవైపు ఎవరూ చూడరు, ఆకులు తీసేద్దాం,” అంది. పెద్దావిడ ఒక్క మాటే అంది. “ఆకులు తీసేస్తే అది మా అమ్మది కాదు.” కిరీటాన్ని కాగితంలో చుట్టి బీరువాలో పెట్టేసింది. మనవరాలు హాల్లోని అద్దె కిరీటానికి పేరు రాయించుకుంది. ఆ తర్వాత నెల రోజులు పక్కింటి కిటికీ తెర తొలగలేదు. నేను మంచు ఎటు పోసినా అడిగే నాథుడు లేడు. మాకు ఏమీ తోచలేదు.

ఇలా ఉండగా లాట్వియా రాజధానిలో ఉన్న ఆవిడ పినతల్లి మనవడు కబురు పంపాడు. వాళ్ళ దేశపు బ్యాంకు పెళ్ళికూతుళ్ళ తలకట్టుల గౌరవార్థం ఒక వెండి నాణెం తెస్తోంది. అందులో పెళ్ళికూతురు వెనక్కి తిరిగి ఉందట. బ్యాంకు సైటులో బొమ్మ గోరంత ఉంది, పెద్దది చేస్తే మసక. అధ్యక్షురాలికి చూపిస్తే, మసకలో ఎవరికి కావలసింది వాళ్ళకి కనిపిస్తుంది, నాణెం వచ్చాక చూద్దాం అంది. ఏప్రిల్ మూడో శనివారం వస్తానని చెప్పింది. ఆ రోజుతో తేలకపోతే అద్దె కిరీటమే. నాణెం ఆ వారమే మంగళవారం వచ్చింది. అదే రోజు పెద్దావిడకి కంటి ఆపరేషన్. పార్సెల్ అందుకుని, విప్పి, సరిగ్గా ఉందో లేదో చూసి ఉంచమని తాళంచెవితోపాటు నాకే అప్పగించి వెళ్ళింది.

విప్పాను. గుండ్రటి పెట్టె, అందులో నాణెం, అడుగున మడత పెట్టిన ఒక కాగితం. నాణెం మీద నిజంగానే ఒక అమ్మాయి తల వెనకనుంచి కనిపిస్తోంది. కానీ సందులన్నీ నల్లగా ఉన్నాయి. అయ్యో, కొత్త వెండి, దారిలో ఎంత చెమ్మ తగిలిందో అనుకున్నాను. ఆపరేషన్ అయ్యాక ఆ పెద్దావిడ మొదటిసారి బాగైన కంటితో చూసేది ఇదా? ఇంట్లో మా ఆవిడ లేదు, విభూతి ఉంది. ముందు కుంకుడు రసంలో నానేశాను. తర్వాత విభూతి అద్ది పాత టూత్‌బ్రష్‌తో గుండ్రంగా, ఓపిగ్గా, మా అమ్మ పక్కన నిలబడి చూస్తున్నట్టే తోమాను. ఒక్క సందు కూడా వదల్లేదు. గంట తర్వాత మెత్తటి పంచె గుడ్డతో తుడిచి దీపం కింద పెడితే చంద్రబింబంలా ఉంది. అందులో నా మొహం కనిపించింది. నిజం చెప్పొద్దూ, ఉద్యోగంలో ఏ రిజర్వాయరు పూర్తి చేసినప్పుడూ నాకు అంత తృప్తి కలగలేదు.

మా ఆవిడ వచ్చింది. చూసింది. అడుగునున్న కాగితం విప్పి పైకి చదివింది. పాత నగలా కనిపించాలని కావాలనే సందులు నల్లబరిచిన వెండి, ఎట్టి పరిస్థితిలోనూ తుడవరాదు, తోమరాదు. “ముప్పై ఏళ్ళు మీ కిందివాళ్ళని మాన్యువల్ చదవలేదని తిట్టారు కదండీ,” అంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అప్పుడు భూతద్దం తీశాను. వెండి మీద వెండి, అంతా ఒకటే తళుకు. పట్టీ తెలుస్తోంది, ముడి తెలుస్తోంది. ముడి కింద ఏదో గరుకు ఉంది, అవి ఆకులో, అంచులో, నా కంటి భ్రమో చెప్పలేను. ఒక తల్లి కిరీటం బిడ్డ బూట్ల కోసం పోయింది. డెబ్బై ఏళ్ళు దాటాక దానికొక సాక్షి దొరికితే ఆ సాక్షి నోరు నా చేత్తో నేనే నొక్కేశాను.

మర్నాడు వెళ్ళి చెప్పేశాను. కంటికి ప్లాస్టిక్ గిన్నెలాంటిది కట్టుకుని కూర్చుని ఉంది. నాణెం చేతిలో పెట్టి, నేను చేసిన ఘనకార్యం మొదటినుంచి చివరిదాకా చెప్పాను. విభూతి అంటే ఏమిటో కూడా చెప్పాల్సొచ్చింది. ఆవిడ నాణేన్ని రెండో కంటి దగ్గరికి పెట్టుకుని కిటికీ వైపు తిప్పింది. “కాగితం మీద మా అమ్మ ఊరి పేరు ఉందా?” అని అడిగింది. ఉందన్నాను. “అయితే ఆకులు ఉన్నాయి. నాకు కనిపించడం లేదు, అంతే,” అంది. తిట్టి ఉంటే బాగుండేది.

అప్పుడు నా వెనకే వచ్చిన మా ఆవిడ కొంగు చాటునుంచి కాటుక భరిణె తీసింది. ఆముదం దీపానికి పళ్ళెం బోర్లించి, మసి గీరి, చిటికెడు కర్పూరం వేసి తను ఇంట్లోనే చేసుకునే కాటుక. మా ఇంటి పొగ అలారం ఏడాదికోసారి కూసేది ఆ కాటుక కోసమే. “నలుపే కదా కావలసింది,” అని వేలితో నాణెమంతా కాటుక పూసేసింది. పెద్దావిడ అడ్డం చెప్పలేదు. మా ఆవిడ వేలికి పలచటి గుడ్డ చుట్టుకుని, పసిపిల్ల మొహం తుడిచినట్టు పైపైన ఒక్కసారి తుడిచింది. పైనున్న నలుపు పోయింది, సందుల్లోది నిలిచింది. ముడి కింద వరసగా చిన్నచిన్న కాడలు, కాడకో ఆకు. పెద్దావిడ చూపుడువేలి గోరుతో తడుముతూ వాళ్ళ భాషలో లెక్కపెట్టింది. ఆగింది. మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టింది. “తొమ్మిది,” అని ఇంగ్లీషులో మాకు చెప్పింది. ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ గొంతు ఏడేళ్ళ పిల్లది.

శనివారం అధ్యక్షురాలు తన పుస్తకంతో, తన సొంత భూతద్దంతో పక్కింటికి వచ్చింది. మనవరాలు, మేమిద్దరం గోడవార కుర్చీల్లో పరీక్ష ఫలితాల కోసం చూసేవాళ్ళలా కూర్చున్నాం. ఆవిడ నాణెం చూసింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. కర్పూరం వాసన కదా! రుమాలు తీసి ఒత్తి తుడిచింది. రుమాలుకి నల్లటి మరక అంటింది. ఆవిడ మొహం మారిపోయింది. “ఇది చేత్తో గీసిన బొమ్మ. ఎవరో రంగు వేశారు,” అంది. మనవరాలు తల దించేసుకుంది. తప్పంతా నాదని లేచి నిలబడబోయాను. పక్కింటావిడ చెయ్యి ఎత్తి నన్ను కూర్చోబెట్టింది.

“నలుపు మాది. ఆకులు మావి కావు, నాణెం చెక్కినవాళ్ళవి. కళ్ళు మూసుకుని గోటితో తడిమి చూడు,” అంది.

అధ్యక్షురాలు కళ్ళు మూసుకుంది. ఆ గదిలో గోరు వెండి మీద ఆగి ఆగి నడిచిన చప్పుడు నాకు వినిపించిందనే ఇప్పటికీ అంటాను, మా ఆవిడ నమ్మదు. తొమ్మిదో దగ్గర గోరు ఆగిపోయింది. ఆవిడ కళ్ళు తెరిచి, పుస్తకం మూసేసి, కిరీటం తెమ్మంది. బీరువాలోంచి తీసి ఇస్తే వెనక్కి తిప్పి, ఆ ఆకుల్ని ఒక్కసారి వేలితో మీటింది. గలగలమన్నాయి. “నలభై ఏళ్ళు నువ్వు చెప్తూనే ఉన్నావు. వెనక ఎలా ఉంటుందని మేం ఎవరినీ అడగలేదు,” అని లేచి పెద్దావిడ రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టుకుంది. ఆ మరక పడ్డ రుమాలుతోనే కళ్ళు తుడుచుకుంది, చూస్తే కాటుక దిద్దుకున్నట్టే ఉంది. మా ఆవిడ ఫిల్టర్ కాఫీ కలిపి తెచ్చింది. పెద్దావిడ చెప్పులు విడిచి, కంటికి ఆ గిన్నెతోనే, గది మధ్యలో రెండు చుట్లు నాట్యం చేసింది. మనవరాలు అక్కడే ఫోను తీసి అద్దె కిరీటం రద్దు చేసింది.

జూన్‌లో పెళ్ళి. మనవరాలు ముందురోజు మా ఇంటికొచ్చి, గోడ మీద ఫొటో చూపించి, తనకీ అలాంటిదే కావాలంది. మా పడకగది నిలువుటద్దం దుప్పట్లలో చుట్టి వ్యానులో హాలుకి తీసుకెళ్ళింది నేనే, ఒక్క గీటు పడకుండా. ఆ పిల్ల కెమెరాకి వీపు పెట్టి నిలబడింది. అద్దంలో నవ్వుతున్న మొహం, ముందు తొమ్మిది ఆకులు. మా ఆవిడ ఊరుకోలేక ఎవరూ చూడకుండా ఆ పిల్ల చెవి వెనక చిటికెడు కాటుక చుక్క పెట్టింది. మనవరాలు నడిచినప్పుడల్లా ఆకులు మోగుతుంటే హాల్లో ముసలివాళ్ళంతా తలలు తిప్పి చూశారు. ఆ వీపు వంక అంతమంది అంతసేపు చూడటం నేనెక్కడా చూడలేదు.

భోజనాలయ్యాక కిరీటం తీసే తంతు. అమ్మాయిని కుర్చీలో కూర్చోబెట్టి, చుట్టూ ఆడవాళ్ళు పాడుతుంటే, పక్కింటావిడ ముడి విప్పి కిరీటం దించింది. మనవరాలి తలకి తెల్లటి గుడ్డ కట్టింది. ఆ తర్వాత కిరీటాన్ని రెండు చేతుల్లో పైకెత్తి వాళ్ళ భాషలో ఏదో అంది. పాట ఆగిపోయింది. ఏమందని అడిగితే మనవరాలు ఏడుస్తూ, నవ్వుతూ ఇంగ్లీషులో చెప్పింది. “అమ్మా, నీ కిరీటం ఇదిగో. బూట్లు నాకెప్పుడో చిన్నవైపోయాయి.” నేను ఏడ్చానని మా ఆవిడ అందరికీ చెప్తుంది. ఏడ్చాను, ఇందులో దాచడానికేముంది.

మర్నాడు పెద్దావిడ ఆ గుండ్రటి పెట్టె తెచ్చి నా చేతిలో పెట్టింది. కిరీటం తనకి దొరికింది కాబట్టి సాక్షితో పని లేదట. ఎలాగూ పాడుచేసింది నేనే కాబట్టి నేనే ఉంచుకోవాలట. ఇప్పుడు ఆవిడకి ఎనభై ఎనిమిది. మొన్న చలికాలం కూడా కిటికీలోంచి చెయ్యి ఊపుతూ మంచు అటు పొయ్యమని అరిచింది. నిన్న కుందులు, గిన్నెలు అన్నీ మొహం కనిపించేలా తోమి తువ్వాలు మీద బోర్లించాక, మా ఆవిడ చూడకుండా ఫ్రిజ్ మీది పెట్టె తెరిచాను. కాటుక కొద్దిగా ఎండింది గానీ ఆకులు తొమ్మిదీ ఉన్నాయి. కాలం పేర్చిన నలుపుని ఇన్నేళ్ళూ మురికి అనుకుని తోముతూనే వచ్చాను. అందులో కాస్త ఉండనిస్తేనే ఏది ఎక్కడుందో కనిపిస్తుందని తెలుసుకునేసరికి డెబ్బై ఏళ్ళు పట్టింది.